గొంగడి పెట్టి వచ్చిన పెద్దమనిషి

"పెట్టొచ్చిన అంటే పెట్టొచ్చిన. దాంట్ల దాపరికమేంది?" అన్నాడు సంజీవ, ఉప్మా ప్లేటు పక్కకు జరుపుతూ.

"ఏం పెట్టొచ్చిన్రు మామయ్యా? జర మళ్ళొక్కసారి చెప్పున్రి."

"గొంగడి. మంచి నల్ల గొంగడి. చెప్పుల జత. జనగామ అంగట్ల ఏరి ఏరి తీస్కున్న. నిన్న పోయి ఆ జమున మామకు, మాన్‌సింగ్‌కు, పదిమంది ముందట భుజం మీద కప్పి వచ్చిన. దండం వెట్టిండు."

సంధ్య చేతిలో ఫోను ఉంది. పొద్దున ఆరున్నరకు జమున పంపిన మెసేజి అందులో ఇంకా తెరిచే ఉంది. "అక్కా, ఇగ నా గొంతు మీకు ఇయ్య. వేరేటోళ్లను చూసుకోండ్రి." ఆరున్నర నుంచి ఇప్పటికి పదకొండుసార్లు చేసింది. పదకొండుసార్లూ స్విచాఫే.

ఇవాళ బుధవారం. శుక్రవారం సాయంత్రానికి పన్నెండు భాగాలు హైదరాబాదు సంస్థకు చేరాలి. తండాల్లో గర్భిణులకు, బాలింతలకు లంబాడీ భాషలో ఫోనులో వినిపించే ఆరోగ్యం ముచ్చట్లు అవి. నలభైలో ఇరవై ఎనిమిది జమున గొంతుతోనే వెళ్లిపోయాయి. ఆడవాళ్లు ఆ గొంతుకు అలవాటుపడ్డారు, మధ్యలో మారిస్తే పని తీసుకునేది లేదని సంస్థవాళ్లు మొదటిరోజే తేల్చి చెప్పారు.

సంధ్యకు లంబాడీ ఒక్క ముక్క రాదు. రాని భాషలో వ్యాపారం పెట్టిన మనిషికి ఆ భాష వచ్చినవాళ్లే దిక్కు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినట్టు మాత్రం ఎప్పుడూ నడుచుకోలేదు.

"మిమ్మల్ని ఎవరు పొమ్మన్నరు?" అంది.

"నువ్వే."

"నేనా?"

"మొన్న అన్నం తినేటప్పుడు ఏమంటివి? మన పిల్ల వేరేటోళ్ల పని వట్టుకున్నది, రెండ్రోజులు దొరకదట అనలే? మొహం గింత చేసుకున్నవు. ఇంట్ల పెద్దోడు ఉన్నది ఎందుకు మరి?"

"నేను మీకు చెప్పలే. అత్తమ్మకు చెప్పిన."

"నేను ఆడ్నే కూసున్న గద!"

కూర్చునే ఉన్నాడు. తనతో కాని మాటను సంజీవ చెవులు వదిలిపెట్టిన రోజు ఆ ఇంట్లో ఇంతవరకు లేదు.

అత్త సరోజన చాయ్ గ్లాసులు తెచ్చి పెట్టింది. "మంచికే పోయిండు బిడ్డా. ఎండల గంత దూరం ఊకెనే పోతరా ఎవరన్న?"

"మంచికే పోయిన్రు అత్తమ్మా. అందుకే ఏమనాల్నో తెలుస్తలేదు."

సంజీవకు ఆ మాట పొగడ్తలా వినిపించింది కాబోలు, గొంతు కాస్త మెత్తబడింది. "చూడు సంధ్యా. మనిషిని నిలుపుకోవాల్నంటే ఆ ఇంటి పెద్దను మంచి చేసుకోవాలె. మా నాయిన గంతే జేసిండు, నేను గంతే జేసిన. కొడకండ్లల మన పొలం కాడ ఒక్క జీతగాడు నడుమిట్ల విడిచి పోయిండా? అడుగు ఎవర్నన్న."

"జమున జీతానికి లేదు మామయ్యా. ఆమె ఫ్రీలాన్సర్."

"అంటే?"

"అంటే తన పని తనది. మనకొకటి చేస్తది, ఇంకొకలకు ఇంకోటి చేస్తది."

"గట్ల పదిమందికి చేసేటిది మనదెప్పుడు చేస్తది? నిలకడ లేని మనిషి అన్నట్టు."

ఇంతసేపూ పేపరులో తల దూర్చి కూర్చున్న నితిన్ అప్పుడు తల ఎత్తాడు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాడు. తండ్రికీ భార్యకూ మధ్య లెక్క తేలని చోట పేపరు చదువుతాడు. "గొంతే గద సంధ్యా. ఇప్పుడు కంప్యూటరే మాట్లాడుతున్నదట, నువ్వు గూడ గట్ల చేపియ్యరాదు?"

"లంబాడీ మాట్లాడుతదా?"

"మాట్లాడదా?"

"మనకు ఆ భాష రాదు నితిన్. అది సరిగ మాట్లాడిందో లేదో చెప్పనీకె గూడ ఆ భాష వచ్చినోళ్లే కావాలె."

నితిన్ మళ్లీ పేపరులోకి వెళ్లిపోయాడు. చాయ్ మీద మీగడ కట్టింది. ఎవరూ తాగలేదు.

*

మేడమీద గది సంధ్యది. ఒక కంప్యూటరు, రెండు స్పీకర్లు, ఒక ఫ్యాను, బయట చప్పుడు రాకుండా కిటికీకి కొట్టిన పాత దుప్పటి. మూడేళ్లుగా ఆమె ఆఫీసు అదే.

సరిగ్గా పదింటికి ఉమ ఫోనెత్తింది. పదింటికి ముందు ఎత్తదు, నాలుగింటి తర్వాత ఎత్తదు. కాటారం నుంచి రికార్డింగులు శుభ్రం చేసి, కత్తిరించి, సంగీతం కలిపి పంపేది ఆమే. ఆమెదీ తండానే, ఆమె ఇంటి భాషా లంబాడీయే. కానీ చెవి మంచిది, గొంతు బొంగురు. పనిలో చేరేముందే తన వేళలు, తన షరతులు రాసి పంపి, సంధ్య చేత కూడా ఒక కాగితం రాయించుకుంది. అప్పుడు సంధ్యకు ఆ పిల్ల తలపొగరు మనిషి అనిపించింది. జమున అట్లా కాదు. రొట్టెల పిండి చేతితోనే ఫోనెత్తి "చెప్పక్కా" అనేది. అందుకే సంధ్యకు జమున అంటే ఇష్టం.

సంధ్య విషయమంతా చెప్పింది.

"గొంగడా?" అంది ఉమ.

"ఆఁ."

"చెప్పులు గూడనా?"

"ఆఁ. పదిమంది ముందట."

"అక్కా, ఇగ ఫోన్లు బంద్ చెయ్యి. నువ్వే పో."

"పోత. ఏమన్న తీస్కపోనా? పిల్లలకు స్వీట్లో, ఆమెకొక చీరో..."

"అక్కా!" ఉమ అరిచినంత పని చేసింది. "ఏం తీస్కపోకు. నీకు దండం వెడత. తీస్కపోతే కాగితం తీస్కపో. నేను గుంజి గుంజి అడిగితె నాకు రాసిచ్చినవు. ఆమె అడగలే, నువ్వియ్యలే."

సంధ్యకు కోపం వచ్చింది. కోపం ఉమ మీద కాదని ఫోను పెట్టేశాక అర్థమైంది.

కిందికి దిగేసరికి వరండాలో సంజీవ ఎదురుపడ్డాడు. "ఎటు?"

"పని మీద."

"కారు తీస్కపోరాదు."

"రైలుకు పోత."

*

జనగామ నుంచి మహబూబాబాద్ దాకా రైలు. కిటికీ పక్కన సీటు దొరికింది. సంధ్య నోటు పుస్తకం తెరిచి ఒప్పందం రాయడం మొదలుపెట్టింది. 'పని' అని రాసి ఆగింది. ఇంతకాలం జమునకు ఏ పని ఎప్పుడు ఇచ్చిందో, ఎన్నిసార్లు మార్చిందో గుర్తు చేసుకోవడానికి ఫోనులో పాత మెసేజీలు వెనక్కి జరిపింది.

ఐదో భాగం తొమ్మిదిసార్లు చదివించింది. తెలుగులో నలభై సెకన్లు వచ్చే మాట లంబాడీలో యాభై రెండు సెకన్లు ఎట్లా వస్తుందని. "మా భాషల గంతే అయితది అక్కా" అని జమున రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పలేదు, చదివింది. తొమ్మిదీ విని ఉమ మొదటిదే బాగుందని అదే వాడింది. ఆ సంగతి జమునకు చెప్పాలని సంధ్యకు తోచలేదు.

ఆదివారం చేసిన ఫోన్లు, జ్వరం ఉందన్న రోజు "ఒక్కటే భాగం, జర చదువు" అని పెట్టిన మెసేజి, పాఠం సగం చదివాక మార్చి పంపిన పాఠం. మామగారు గొంగడి పట్టుకుని వెళ్లాడు. తను ఏమీ పట్టుకుని వెళ్లకుండానే అదే పని చేసింది. సంధ్యకు సిగ్గేసింది, రైలు డబ్బాలో ఎవరూ చూడకపోయినా తల వంచుకుంది.

మహబూబాబాద్‌లో దిగి బయ్యారం బస్సెక్కింది. బయ్యారంలో ఆటో మాట్లాడుకుని తండాకు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది.

వాకిట్లో పట్టా పరిచి, జమున అత్త కమ్లీ ఎండు మిరప ఏరుతోంది. తాలు ఒక పక్కకు, మంచివి ఒక పక్కకు. సంధ్యను చూసి చెయ్యి ఆపలేదు. లోపలికి ఏదో ఒక మాట కేకేసింది. ఆ మాట ఏమిటో సంధ్యకు తెలియదు, స్వాగతం కాదని మాత్రం తెలిసింది.

మంచం మీద మాన్‌సింగ్ కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి, వీపు నిటారుగా. అతని వెనక దూలానికి ఒక ప్లాస్టిక్ సంచి వేలాడుతోంది, మూతి ముడి వేసి. అందులో ఏముందో అడగక్కర్లేదు.

"కూసో బిడ్డా" అన్నాడు. కుర్చీ చూపించాడు.

జమున బయటికి వచ్చింది. డిగ్రీ మహబూబాబాద్‌లో చదివింది. భర్త దినేశ్ భూపాలపల్లి గనుల దగ్గర లారీ నడుపుతాడు, వారానికోసారి వస్తాడు. నీళ్లు తెచ్చి ఇచ్చింది. కానీ కూర్చోలేదు.

"అక్కా, మెసేజి వెట్టిన గద."

"చూసిన. మా మామయ్య చేసిందానికి..."

"ఆయన సంగతి తర్వాత. నేను నీకు చెప్పిన్నా లేదా? సోమ, మంగళవారాలు వేరే పని ఉన్నది, బుధవారం కెళ్ళి నీ పన్నెండు వట్టుకుంట, శుక్రవారం పొద్దుగాల్నే ఇచ్చేస్త అని?"

"చెప్పినవు."

"సరేనన్నవా?"

"అన్న."

"మరి నేను దొరకనని ఇంట్ల ఎందుకన్నవు? మీ మామనే ఈడ చెప్పిండు. నిన్న నేను లోపల రికార్డింగుల ఉన్న. దుప్పటి కప్పుకొని, చెమటలు కారంగ. బయట నుంచి 'ఎవరున్నరింట్ల' అని ఒకటే కేక. ఆ కేక నా రికార్డింగుల వడ్డది. బయటికొచ్చి చూస్తే తండ సగం ఈడ్నే ఉన్నది. మా పనికి వచ్చినంక వేరే పని వట్టుకోవద్దని మీ కోడలికి చెప్పు మాన్‌సింగ్ అని మీ మామ అంటున్నడు. నాకు గాదు, మా మామకు. నేను ఆడ్నే నిలవడ్డ. నా దిక్కు చూడనన్న చూడలే."

సంధ్య మాన్‌సింగ్ వైపు తిరిగింది. "మామా, మరి మీరు ఎందుకు తీసుకున్నరు? వద్దనొచ్చు గద."

మాన్‌సింగ్ కొంచెంసేపు కమ్లీ చేతుల్లోని మిరపకాయల వైపు చూశాడు.

"మా నాయిన ఒక పటేలింట్ల పద్నాలుగేండ్లు జీతమున్నడు బిడ్డా. ఏడాదికో గొంగడి, చెప్పుల జత. అవ్వి తీసుకున్ననాడు ఆ ఏడాది వాళ్లది. పండుగైనా వాళ్లదే, పానం బాగలేకున్నా వాళ్లదే. మీ మామకు అది తెల్వదా? మంచిగ తెలుసు. ఆయనకు అది మర్యాద. నాకు అది వేరే."

"అందుకే అడుగుతున్న మామా."

"పదిమందిల పెద్దమనిషి చెయ్యి చాపిండు. నేను చెయ్యి ఎనుకకు తీసుకుంటే ఆయన ఇజ్జత్ పాయె. తీసుకుంటే నాది పాయె. గా యాళకు ఏది పోవాల్నో నాకు సోయి లేదు. దండం వెట్టిన. రాత్రంత నిద్ర పట్టలే."

కమ్లీ చేతులు అప్పుడు ఆగాయి. మొగుడి వైపు చూసి, మళ్లీ ఏరడం మొదలుపెట్టింది.

సంధ్య నోటు పుస్తకం తీసింది. "తప్పు నాది గూడ ఉన్నది జమునా. నీకు కాగితం రాసియ్యాల్సింది మొదటి రోజే. ఇయ్యలే. ఇప్పుడు రాస్తున్న. నువ్వు చెప్పు, నేను రాస్త."

జమున వెంటనే ఒప్పుకోలేదు. లోపలికి వెళ్లింది, చాలాసేపు రాలేదు. ఆటోవాడు వాకిలి బయట రెండుసార్లు హారన్ కొట్టి ఊరుకున్నాడు. తిరిగి వచ్చినప్పుడు జమున చేతిలో పెన్ను ఉంది. ఈసారి కూర్చుంది, కింద, గడప మీద.

"పన్నెండు భాగాలు. పాఠాలన్ని ఒక్కపారె రావాలె. సగం చదివినంక మార్చుడు లేదు."

సంధ్య రాసింది.

"తప్పువోతే రెండుసార్లు మల్ల చదువుత. మూడోసారి అంటే అది కొత్త పని. తెలుగుల ఎన్ని సెకన్లు, మా దాంట్ల ఎన్ని సెకన్లు అని లెక్కవెట్టుడు బంద్."

"బంద్. ఐదోది నువ్వు మొదట చదివిందే వాడినం జమునా. నీకు చెప్పలే."

జమున తల ఎత్తి చూసింది. "మిగిలిన ఎనిమిది?"

"ఊకెనే చదివిచ్చిన."

ఆ మాటకు జమున నవ్వలేదు, తిట్టలేదు. "రాయి" అంది. "పొద్దున పదకొండు నుంచి మూడింటి దాంక ఫోన్ ఎత్తుత. ఆదివారం ఎత్త. నేను ఇంకెవల్ల పని చేస్తున్ననో నువ్వు అడుగొద్దు, నీ పని ఎంత దాంక అచ్చిందో వాళ్లకు నేను చెప్ప."

"సరే."

"ఇంకొకటి. గిది రాయకున్నా సరే, ఇను. నీ పని జేస్త అక్కా. నీ మనిషిని కాను."

సంధ్య అది కూడా రాసింది. ఎక్కడ రాయాలో తెలియక చివర రాసింది.

పని మళ్లీ దక్కిందనుకుంది సంధ్య. సంతకం పెట్టబోతుంటే మాన్‌సింగ్ చెయ్యెత్తాడు.

"ఆగు బిడ్డా. నిన్న మీ మామ ఒక మాట అన్నడు. మా ఇంటి పని, నా మాట మీద నడుస్తది అన్నడు. ఇయ్యాల నువ్వచ్చి నా పని అంటున్నవు. ఇంతకు ఈ పనికి మాలిక్ ఎవరు? కాగితం మీద ఎవల మాట నిలవడుతది?"

"నాది మామా. పని నాది."

"మాకు చెప్తే ఏమొస్తది? ఆయనకు తెల్వాలె గద. రేపు మల్ల ఇంకో గొంగడి వట్టుకొని వస్తే?"

జమున మామ వైపు చూసింది, వద్దన్నట్టు. మాన్‌సింగ్ ఆ చూపు పట్టించుకోలేదు.

సంధ్య ఫోను తీసింది. పెళ్లయి పదేళ్లలో ఆ మనిషికి ఎదురు మాట చెప్పలేదని కాదు. నలుగురి ముందు చెప్పలేదు. స్పీకరు నొక్కి మంచం మీద పెట్టింది.

"ఆఁ సంధ్యా" అన్నాడు సంజీవ. "ఏడున్నవు?"

"మాన్‌సింగ్ మామ ఇంట్ల ఉన్న మామయ్యా."

"నాకు ఎరుకే, నువ్వు ఆడికే పోతవని. ఒప్పుకున్నరా? ఒప్పుకుంటరు. నేను మొదలే చెప్పిన గద."

"మామయ్యా, జర వినుండ్రి. ఈ పని నాది. మన ఇంటిది కాదు, మీది కాదు. నిన్న మీరు చేసింది తప్పు. ఇగ ముందట నా పని మీద మీరు ఎవరింటికీ పోవద్దు."

అవతల టీవీ చప్పుడు వినిపిస్తోంది. ఎవరో దాన్ని ఆపారు.

"ఫోన్ స్పీకర్ల ఉన్నదా?"

"ఉన్నది."

"ఎవలెవలు ఇంటున్నరు?"

"అందరు."

సంజీవ గొంతు పెంచలేదు. అది సంధ్యను ఎక్కువ భయపెట్టింది.

"మంచిది. నీ పని నీది. ఇల్లు నాది. మేడమీది అర్ర తాళం నేను తీస్కుంటున్న. నీ మిషన్లు మెట్ల కాడ పెట్టిస్త. ఏడ పెట్టుకుంటవో పెట్టుకో. నలుగుట్ల నన్ను తప్పు వట్టినదానివి నా ఇంట్ల కూసొని పని ఎట్ల చేస్తవు?"

"ఏందయ్యా అది, కోడలు పిల్లతోని గట్లనేనా మాట్లాడేది..." వెనక నుంచి సరోజన గొంతు సగంలో తెగిపోయింది. ఫోను కట్టయింది.

వాకిట్లో కమ్లీ ఏదో అంది, తన భాషలో, మెల్లగా. జమున దాన్ని తెలుగులో చెప్పలేదు.

మాన్‌సింగ్ మొహంలో గెలిచిన మనిషి లేడు. "గంత దూరం పోతదనుకోలే బిడ్డా" అన్నాడు. "నేను అడగకుంటె బాగుండు."

"మీరు అడిగింది సరైందే మామా."

అన్నది గానీ సంధ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ గదిలో ఇరవై ఎనిమిది భాగాలున్నాయి. మిగిలిన పన్నెండు విని ఉమకు పంపాల్సింది ఆ కంప్యూటరు నుంచే. ఇవాళ బుధవారం, శుక్రవారానికి రెండే రోజులు.

జమున లేచి వచ్చి నోటు పుస్తకం ఆమె ఒళ్లో సరిగ్గా పెట్టింది. ఓదార్చలేదు. వేలుతో మొదటి పంక్తి చూపించింది.

"కాగితం ఇంక పూర్తి కాలే అక్కా. పని ఇచ్చేటోళ్ల పేరు రాసినవు. కింద ఊరు, ఇంటి నంబరు రాయలే. అది రాసి సంతకం వెడితె నేను లోపలికి పోయి మొదలువెడత."

సంధ్య 'జనగామ' అని రాసింది. ఇంటి నంబరు దగ్గర పెన్ను ఆగింది. బ్యాంకు కాగితాల్లో, పిల్లల బడి దరఖాస్తుల్లో పదేళ్లుగా కళ్లు మూసుకుని రాస్తున్న నంబరు.

"రాయమంటవా?" అని అడిగింది.

"అది నన్నడుగుతవేంది అక్కా?" అంది జమున.